కప్పు లేపే ఎడమ కీలు

జూన్ 3, మంగళవారం

ఈ రోజు రాయకుండానే డైరీ మూసేద్దామనుకున్నా. రాసేదానికి ఏముంది — నంద్యాల ఊరంతా తిరిగినా, ఉత్త చేతులతో వచ్చినా. అయితే కోపం కడుపులో పెట్టుకుంటే అన్నం అరగదు. ఇంట్లో మనిషిని తిడితే తిరిగి తిడతాది. కాగితమైతే నోరెత్తదు.

ఈ డైరీ ఎరువుల అంగడోళ్ళు ఇచ్చింది. ప్రతి పేజీ అడుగున ఒక పురుగు బొమ్మ, దాన్ని చంపే మందు పేరు. ఈ రోజు పేజీకి కాండం తొలిచే పురుగు వచ్చింది. సరిగ్గానే వచ్చింది.

పొద్దున ఆర్టీవో ఆఫీసు. అధికారి మంచోడే, కుర్చీ వేయించినాడు. "పెద్దాయనా, ముప్పయ్యో తేదీ బండి తీసుకరా. కప్పు లేపితే లేచిన చోట నిలవాల, మూస్తే గట్టిగా మూసుకోవాల. ల్యాకుంటే ఆ కప్పు పీకేసి రేకు పరిచి వెల్డింగు పెట్టించు, ఫిట్‌నెస్ కాగితం మీద సంతకం పెడతా." రెండూ కాకుంటే బండి తుక్కుకే.

రేకు పరచాలంట! ముప్పై ఏండ్లు తిరునాళ్ళకు తిరిగిన ఫోటో వ్యాను అది. కప్పు లేస్తేనే గదా పెండ్లికొడుకు తలపాగాతో దాంట్లో నిలబడింది. కప్పు లేస్తేనే గదా మా ఇంటామె సుంకమ్మ వంగకుండా రొట్టెలు కాల్చింది. మడత మంచం, పొయ్యి, నీళ్ళ డ్రమ్ము — ఏడాదికి నాలుగు నెలలు మా కాపురం దాంట్లోనే. కప్పు లేస్తే ఇల్లు, లేవకుంటే డబ్బా. ఫోన్లొచ్చి ఫోటోలు పోయినాయి, పోనీ. ఇల్లు ఎందుకు పోవాల?

సుంకమ్మకు నడుము పట్టేసి మూడేండ్లు. వంగలేదు. "కప్పు లేచిందా, మళ్ళా తిరునాళ్ళకు నీ ఎమ్మట వస్తా. లేవలేదా, తుక్కోనికి ఇచ్చెయ్. నన్ను మాత్రం ఆ డబ్బాలోకి రమ్మనగాకు" — తీర్పు చెప్పేసింది. ఆర్టీవో కన్నా ఈమె గట్టి. ఆయనతో అయితే రేకుతో పోతాది.

విరిగింది ఒకటే వస్తువు. కప్పుకు ముందర పక్క తలుపుకుండే మాదిరి కబ్జాలు, వెనక పక్క లేపేదానికి రెండు మడత చేతులు. ఎడమ చేతికి అడుగున అల్యూమినియం కీలు, నా అరచెయ్యంత. దాంట్లో ఒక గాడి. మడత చెయ్యి ఆ గాడిలో పడితేనే కప్పు నిలిచేది. ఎంత ఎత్తుకు లేవాలన్నది ఆ గాడే చెప్తాది. అది రెండు ముక్కలైంది. బండి కట్టిన కంపెనీ ఎప్పుడో మూతపడింది.

ఐదు స్పేర్ పార్టుల అంగళ్ళు తిరిగినా. అందరిదీ ఒకటే పాట. "మోడల్ ఏందీ?" చెప్పినా. "ఏ సంవత్సరం?" చెప్పినా. నవ్వినారు. ఒకడు "తాతా, బండి కంటే నువ్వే బాగుండావ్" అన్నాడు. ఇంగొకడు ఫోన్ గీకి గీకి, "జర్మనీలో ఉన్నట్లుండాది" అన్నాడు. నంద్యాలలో కీలు అడిగితే జర్మనీ చూపిస్తాడు! దప్పికైతాందని అడిగినోనికి శ్రీశైలం డ్యాము ఫోటో చూపించినట్ల.

జూన్ 4

కప్పు చుట్టూ కట్టే గుడ్డ లేదు. అంచుకు రబ్బరు లేదు. కీలు లేదు. కోపం మాత్రం కావలసినంత స్టాకుంది.

జూన్ 6, శుక్రవారం

కప్పు లేచినప్పుడు కప్పుకూ బండికీ నడుమ చుట్టూ గుడ్డ గోడ ఉంటాది. అదిప్పుడు పీలికలు. మస్తాన్ దగ్గరికి పోయినా. లారీలకు టార్పాలిన్లు కుట్టేవాడు. నలభై ఏండ్లుగా బావా అంటే బావా అనుకుంటాం.

"జుమ్మా నమాజు టయానికి వస్తావా బావా? నీకు బుద్ధి యాడుంది?"

"నీ దగ్గర టేపు ఉంది గదా, కొలిచి చెప్పు."

నమాజు అయినాక వచ్చి గుడ్డ చూసినాడు. మునుపు పచ్చ గుడ్డ — పచ్చే కావాలన్నా. పచ్చ లేదు, నీలం ఉండాదంట. నాకు ఒళ్ళు మండింది. ఇప్పుడు యాడ చూసినా నీలమే. వడ్ల కుప్ప మీద నీలం, టీ బంకు మీద నీలం, పెండ్లికి నీలం, సావుకు నీలం. ఆకాశం ఒకటి చాలలేదా ఈ జనానికి?

"ఎండ పడితే పచ్చ గుడ్డ లోపల మనుషులు ఎట్ల కనిపిస్తాండ్రి, గ్యాపకం ఉందా?" అన్నాడు మస్తాన్.

ఉంది. మొదటి ఏడు ఒక పెండ్లికూతురు ఫోటో కడిగితే మొఖం పసిరికపాము మాదిరి వచ్చింది. వాళ్ళ మేనమామ నన్ను తిరునాళ్ళంతా తరిమినాడు. అప్పుడు మస్తానే లోపల తెల్ల గుడ్డ అస్తరు వేసి కాపాడినాడు. అది చెప్పి గెలుస్తాండాడు. ఉపకారం చేసినోడితో వాదానికి దిగకూడదు. దిగినా. కర్నూలు నుంచి పచ్చ తెప్పిస్తానన్నాడు — తిట్టుకుంటా.

జూన్ 8, ఆదివారం

డోన్. తుక్కు అంగడి. కప్పు అంచుకు రబ్బరు పట్టీ కావాల, దాంతోపాటు కీలు దొరుకుతాదేమోనని ఆశ. అంగడాయన విరిగిన కీలు అటు తిప్పి ఇటు తిప్పి, ఆస్పత్రి మంచం తలాపు లేపే కమ్మి ఒకటి తెచ్చి పెట్టె. "ఇది గూడా లేపేదే గదన్నా." మంచం తలకాయ లేపేదీ బండి కప్పు లేపేదీ ఒకటేనంట! అట్లయితే జాకీ పెట్టి కప్పు లేపుకుంటా పోతా.

పైగా — "బండి ఎప్పుడు ఇస్తాండావ్ మాకు?" నేను కొనేదానికి పోతే వాడు నన్ను కొనేదానికి చూసినాడు.

రబ్బరు మాత్రం దొరికింది. పాత బస్సు కిటికీలది, ఇరవై అడుగులు. మెడలో చుట్ట వేసుకొని తిరుగు బస్సెక్కినా. పక్క సీటు ఆమె ముడుచుకొని కూర్చునె. "పామేమో అనుకుంటి నాయనా." పామైతే టికెట్ అడగరు. దీనికి లగేజీ అన్నాడు కండక్టరు.

జూన్ 9

సుంకమ్మ: "ఏమైంది?" నేను: "ఏమీ కాలా." ఇంతే మాటలు. కంచం మాత్రం శానా మాట్లాడింది.

జూన్ 11, బుధవారం

కీలును గ్యాసు వెల్డింగుకు ఇచ్చినా. అతికించినాడు. ఇంటికి తెచ్చి గట్టు మీద పెడితే, పెట్టిన చప్పుడుకే మళ్ళా విరిగె. మళ్ళా పోతే "నేను ముందే చెప్పినా గదా" అంటాడు. చెప్పలే. ఈ ఊర్లో ముందే చెప్పినామనేది వెనక చెప్తారు.

సంత దారిలో ఒక పోత షెడ్డు ఉంది, మోటారు పంపులకు ముక్కలు పోస్తారు. ఆయన ఒకడే ఈ వారంలో సూటిగా మాట్లాడిన మనిషి. "చెక్కతో అచ్చంగా ఇట్లాంటిదే నమూనా చేపించుకరా. ఇసకలో అచ్చు తీసి పోసిస్తా." వడ్రంగి దగ్గరికి పోయినా. "ద్వారబంధమైతే చేస్తా. ఈ కంతలు, గాడులు మాతో గాదు. ఆళ్ళగడ్డకు పో, శిల్పులు ఎవరైనా చేస్తారు."

ఇంత చిన్న ముక్కకు శిల్పి! సుంకమ్మకు మాత్రం ఆ మాట నచ్చింది. మూడు రోజులకు మొఖం విప్పింది.

జూన్ 12, గురువారం

ఆళ్ళగడ్డ పోయి వచ్చినా. పోయేముందు సుంకమ్మ కీలు రెండు ముక్కలనూ చింతపండు పెట్టి తోమి, ఎర్ర రవిక గుడ్డలో పెట్టి, పసుపు కుంకుమ చల్లి, టెంకాయ, ఆకువక్కలతో మూట కట్టిచ్చె. "శిల్పి ఇంటికి ఉత్త చేతులతో పోతారా ఎవరన్నా?" బండి ముక్కకు పసుపేందే అంటే, "నీకు బండి, నాకు ఇల్లు" అనింది. మూట చంకన పెట్టుకొని బస్సెక్కినా.

ఆళ్ళగడ్డ శిల్పుల వీధి అంటే నాకు మొదటి నుంచి ఒక వింత. రాతి దుమ్ము తెల్లగా పడి, మనుషులూ బొమ్మలూ ఒకటే రంగు. బొమ్మ అనుకొని ఒకాయప్పను దాటిపోతాంటే "ఎవరు కావాలప్పా?" అని బొమ్మ అడిగె. ఇంకో కొట్టం ముందర దండం పెట్టే నాయకుడొకడు నిలువెత్తు రాతిలో నిలబడినాడు. ఎలక్షన్లకు ముందు చెక్కించినారంట. ఓడిపోయినాడు. తీసుకపోయేదానికి ఎవరూ రాలేదు. ఇప్పుడు ఆయన చేతులకు తువ్వాళ్ళు ఆరేస్తాండారు. ఇంతకాలానికి జనానికి పనికొచ్చినాడు.

బ్రహ్మయ్యాచారి కొట్టం. యాభై ఏండ్లుంటాయి. రాయే కాదు, గుడి వాహనాలకు చెక్క పని గూడా చేస్తాడు. ఎర్ర మూట విప్పి కీలు చూసి నవ్వలేదు. ఈ పది రోజుల్లో నవ్వని మొదటి మనిషి. "వారం ఇయ్యన్నా" అన్నాడు. అరుగు మీద వాళ్ళ నాయన కూర్చోనుండె — చూపు పోయింది, తొంభై దగ్గర. మూట అడిగి తీసుకొని పసుపు వాసన చూసి, రెండు ముక్కలనూ వేళ్ళతో తడిమి, కండ్లకద్దుకొని పెట్టినాడు. మర్యాద తెలిసిన ఇల్లు అనుకున్నా.

జూన్ 15, ఆదివారం

వాన. ఆరుబయట బండి. కప్పు మీద మస్తాన్ దగ్గర అరువు తెచ్చిన టార్పాలిన్ — నీలం.

జూన్ 19, గురువారం

పెన్ను రెండుసార్లు కాగితం చింపింది, కోపానికి.

పొద్దున ఆళ్ళగడ్డ. ఆచారి నమూనా చేతిలో పెట్టినాడు. టేకు. అంత అందమైన వస్తువును నేను ఎన్నడూ పట్టుకోలేదు. నున్నగా అద్దం. అంచున ఒక సన్న పద్మం రేకు గూడా తీసినాడు. "ఇదేందప్పా?" అంటే, "చెయ్యి ఊరుకోలేదన్నా."

అది పోనీ. వంకర ఏదీ? పాత కీలు కొంచెం లోపలికి వంగుంటాది, అట్ల వంగితేనే మడత చెయ్యి గుడ్డకు తగలకుండా లేస్తాది. ఇది దారం పట్టి గీసినంత సూటిగా ఉంది.

"వాడి వాడి వంగిపోయింది గదాని సరిచేసినా."

"వంగిపోలా! వంగే పుట్టింది!"

"మా చేతి కింద వంకర పోదన్నా. మా ఇంట్లో అట్ల నేర్పలేదు."

సరే, గాడి ఎంత లోతు, వంపు ఎంత, పాత ముక్కలు పక్కన పెట్టి చూద్దాం, తీసుకరా అన్నా. ఆచారి లోపల వెతికినాడు, బయట వెతికినాడు. అప్పుడు అరుగు మీంచి వాళ్ళ నాయన —

"అదా. మొన్ననే వక్కిలేట్లో ఇడిపించేస్తిమి గదరా."

కొత్తది పుట్టినాక భిన్నమైంది కొట్టంలో ఉండకూడదంట. వాళ్ళ ఇంటి ఆచారం. ఏ ఊరి దేవుడు భిన్నమైనా కొత్త విగ్రహం వీళ్ళే చేస్తారు, పాతదాన్ని వాళ్ళ ఊరి ఏరు వక్కిలేట్లో వీళ్ళే వదుల్తారు. పెద్దాయన నా మూట పసుపు, కుంకుమ, ఎర్ర గుడ్డ చూసి ఏదో దేవుని ముక్క అనుకున్నాడు. టెంకాయ కొట్టించి ఇడిపించినాడు.

"అల్యూమినియం పెద్దాయనా అది!"

"తేలిగ్గానే తగిలె నాయనా. ఈ కాలం పంచలోహం గదా, అట్లే ఉంటాదిలే అనుకుంటి."

నేనేం అన్నానో రాయను. తొంభై ఏండ్ల మనిషి ముందర అనకూడనివి. రాతి నాయకుడు గూడా విన్నాడు.

జూన్ 20

పది రోజులే ఉంది, ఇప్పుడు పోయింది కీలు గాదు, కొలత. వంపు తీసేసిన నమూనాలో గాడి గూడా చోటు తప్పింది, అది యాడుండాల్నో లోకంలో ఎవనికీ తెలియదు. మూట కట్టిన సుంకమ్మదే తప్పు అన్నా. "ఇచ్చింది నువ్వు గదా, దండం పెట్టి మరీ" అనింది. దండం పెట్టింది ఆచారికి, ముక్కకు గాదు. దానికి గూడా పెట్టినానేమో. గ్యాపకం లేదు.

రేకు కొట్టేవాన్ని పిలిపించమంటావా అని అడిగినా. లోపలికి పోయి తలుపు దగ్గరికి వేసుకొనింది.

జూన్ 21, శనివారం

వక్కిలేరు. మొన్నటి వానకు మోకాలి లోతు బురద. నేను, ఆచారి, మస్తాన్. మస్తాన్‌ను ఎవరూ పిలవలేదు, "నువ్వు బురదలో పడితే చూడాలని శానా ఏండ్ల నుంచి ఆశ బావా" అని వచ్చినాడు.

చేతులు పెట్టి వెతికినాం. నాకు దొరికింది — నంది కొమ్ము ఒకటి. మస్తాన్‌కు సగం వినాయకుడు, తొండం లేదు. మళ్ళా నాకు ఎవరిదో పాదం, గజ్జెలతో సహా. ప్రతిదీ పైకెత్తితే ఆచారి చెప్తాడు: ఇది ప్యాపిలి పక్కది, మా నాయన చెక్కింది. ఇది ఆత్మకూరు దగ్గరిది, పిడుగు పడి పోయింది. "చూసినారు గదా, మెల్లగా పెట్టండి." పెడ్తాం. మస్తాన్ ప్రతిదానికీ "మాఫ్ కర్నా" అని చెప్పి మరీ పెట్టినాడు.

మధ్యాన్నం దాకా. ఇంతమంది దేవుళ్ళు దొరికినారు, అరచెయ్యంత కీలు దొరకలేదు. తేలికది, వాన నీళ్ళకు కొట్టుకపోయింటాది అన్నాడు ఆచారి. తేలిగ్గానే తగిలె అన్నాడు గదా పెద్దాయన. మళ్ళా కోపం.

గట్టు మీద కాళ్ళు కడుక్కుంటాంటే ఆచారి, "తప్పు మాదే అన్నా. నేను నంద్యాలకు వస్తా" అన్నాడు. మస్తానే "రాప్పా" అన్నాడు.

జూన్ 22

ఒళ్ళు నొప్పులు. గోళ్ళల్లో ఇంకా బురద.

జూన్ 24, మంగళవారం

వస్తాడని అనుకోలే. ఎనిమిదికంతా సంచి తగిలించుకొని వాకిట్లో నిలబడె. సుంకమ్మ ఉగ్గాని పెట్టింది. నాకు రెండోసారి వడ్డించలే, ఆయనకు వడ్డించింది.

ఆచారి బండి ఎక్కి కప్పు కుడి పక్క మడత చేతిని శానాసేపు చూసినాడు. దానికి గాడి లేదు, ఎడమది ఆగిన చోట ఇదీ ఆగుతాది, అంతే. "ఇదో, ఈడ అరిగిందన్నా." నిజమే — ఇన్నేండ్లు ఆగి ఆగి కుడి కమ్మి మీద సన్న గీత పడింది. ముప్పై ఏండ్లు చూసినా, ఎప్పుడూ చూడలే. నేను, మస్తాన్ కప్పును ఆ గీత దాకా లేపి, రెండు సర్వికట్టెలు ఊతంగా నిలబెట్టినాం. ఎడమ చెయ్యి ఏ వంపు తిరుగుతాందో ఆచారి ఈసారి మైనం మీద తీసుకున్నాడు. "వంకర ఉండాల గదా?" అని మూడుసార్లు అడిగె. ఉండాలప్పా, ఉండాల.

మళ్ళా దారం తీసి కప్పు ఎత్తు కొలిచి, "ఎంత ఎత్తు అని లెక్క పెట్టుకుంటాండ్రి?" అన్నాడు.

లెక్క ఏముంది. సుంకమ్మ నిలబడితే ఆమె తలకూ కప్పుకూ నడుమ నా నాలుగు వేళ్ళు పట్టేవి. కొత్తలో పెట్టి చూసినా. ఊరికే ఎన్నోసార్లు పెట్టి చూసినా.

"అమ్మను ఒకసారి నిలబడమను."

వాకిట్లో గోడకు నిలబడింది. ఆచారి చెప్పులు విడిచి, దండం పెట్టి, అరికాలి నుంచి నడినెత్తి దాకా దారం పట్టినాడు. పై దారం పక్కన ఈ దారం పెట్టినాడు. నాలుగు కాదు. ఎనిమిది వేళ్ళు.

"తప్పు కొలిచినావ్" అన్నా. మళ్ళా కొలిచె. ఎనిమిది. నీ దారం సాగింది అన్నా. నూలుది సాగదన్నా అన్నాడు. వక్కిలేట్లో పారేసినోళ్ళకు కొలతలు ఏం తెలుస్తాయి అని గూడా అన్నా. అనకుండా ఉండాల్సింది.

"నువ్వు నిలబడు బావా" అన్నాడు మస్తాన్.

పెండ్లినాటి ఫోటోలో నేను పీట మీద నిలబడినా. సుంకమ్మ నా కంటే పొడుగు — మా అత్తగారింట్లో అందరూ నవ్విన సంగతే. చీర కుచ్చిళ్ళు పీటను కప్పేటట్లు ఆమెను ముందర నిలబెట్టినాడు ఆ ఫోటోగ్రాఫరు. ఆ ఉపాయం చూసే నేను ఈ పనిలోకి వచ్చినా. అట్లాంటిది, ఇప్పుడు దారం పట్టి చూస్తే ఇద్దరం ఒకటే.

ఆమే మాట్లాడె. "నాకు తగినంత పెట్టు నాయనా. ఎక్కువ ఎందుకు, గాలికి ఊగేదానికా?"

"మునుపు ఎంతో అంతే పెట్టు ఆచారీ. ఒక్క వేలు తగ్గకూడదు." గట్టిగానే అన్నా. పక్కింటోళ్ళు తొంగి చూసినారు.

ఆచారి ఇద్దరి మొఖాలూ చూసి, పుస్తకంలో ఏదో ఒక లెక్క రాసుకున్నాడు. ఏది రాసుకున్నాడో నేను అడగలే.

జూన్ 27, శుక్రవారం

నమూనా వచ్చింది, బస్సు డ్రైవరు చేతికిచ్చి పంపినాడు. వంకర ఉంది. పద్మం రేకు గూడా ఉంది. గాడి ఎత్తు చూద్దామని టేపు తీసినా. మళ్ళా జేబులో పెట్టుకున్నా. నేరుగా పోత షెడ్డుకు ఇచ్చినా. మస్తాన్ దగ్గర గుడ్డ తయారు — పచ్చే, లోపల తెల్ల అస్తరుతో. కుట్టు బాగుంది. ఆయనకు చెప్పలే.

జూన్ 28

పోసినారంట. చల్లారాల అన్నాడు షెడ్డాయన. "ఆదివారం తీయం. సోమారం పొద్దున ఆరుకు రా, ఇసక కొట్టి ఇస్తా." ఆర్టీవో ఆఫీసుకు పదికి పోవాల. ఆరుకూ పదికీ నడుమ బిగించాల, లేపాల, ఆపాల. సరిగ్గా పోతకొచ్చిందో, బొక్క పడిందో, ఇసక కొడితే గానీ తెలియదు. లోకమంతా ఆదివారం సెలవు తీసుకుంటాంది. విరిగేవి మాత్రం ఆదివారాలే విరుగుతాయి.

జూన్ 29, ఆదివారం

రబ్బరు పట్టీ అతికించినా. గుడ్డకు మేకులు కొట్టినాం, నేనూ మస్తానూ. కప్పు ఇంకా సర్వికట్టెల మీదే.

మధ్యాన్నం మస్తాన్ తిండికి పోయినాక సుంకమ్మ వచ్చింది. బండి వెనక పీట వేసుకొని, నా భుజం పట్టుకొని ఎక్కింది. కట్టెలు జారుతాయి దిగు అన్నా. వినలే. లోపల నిలబడి, కొప్పు విప్పి తల దువ్వుకొని మళ్ళా ముడి వేసుకొనింది. తలకూ కప్పుకూ నడుమ చెయ్యి పెట్టి చూసింది. దువ్వెన బండిలోనే పెట్టి, దిగి పోయి బియ్యం కడిగింది.